గళ్ల కాగితం మీద మన పొలం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచేశాను.)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు ఏదైనా పనికొచ్చేది మాట్లాడు" అన్నాడు. గ్రాఫుల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "భోజనాలకు ముందు పెట్టమంటావా, తర్వాతా?" అని అడిగాడు. ముందే పెట్టమన్నాను. గోంగూర, పప్పుచారు తిన్న తర్వాత గ్రాఫు చెబితే ఏమవుతుందో ఈ బడిలో మధ్యాహ్నం మొదటి పీరియడ్ చదివిన వాళ్లందరికీ తెలుసు.

నేను 1979లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత బీఎస్సీ, 1990లో ఉద్యోగం. ముప్పై అయిదేళ్లు అర్థ గణాంక శాఖలో పనిచేసి పోయిన సంవత్సరం రిటైరయ్యాను. చాలా మండలాల్లో గణాంక అధికారిగా ఉన్నాను. ఆ ఉద్యోగం ఏమిటో మా ఆవిడకు కూడా పూర్తిగా అర్థం కాలేదు. వాన కొలవడం, పంట కోత ప్రయోగాలు చేయడం, సంతలో ధరలు రాయడం, అవన్నీ పైకి పంపడం. అంకెలు పోగు చేసేవాడికి రెండే దారులు. వాటిని పట్టికలో పెట్టి మరిచిపోవడం ఒకటి, గీసి చూడడం రెండోది. గీసి చూడడం నాకు ఈ బడిలోనే అలవాటైంది.

అప్పట్లో గ్రాఫు కాగితం మన ఊళ్లో దొరికేది కాదు. మాష్టారు చిలకలూరిపేట వెళ్లినప్పుడు ఒక కట్ట తెచ్చి ఇనప పెట్టెలో దాచేవారు. ఒక్కొక్కరికి ఏడాదికి రెండు కాగితాలు. కాగితం పాడుచేస్తామన్న భయంతో మాలో చాలామందికి పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణికేది. అందుకని ఆయన మమ్మల్ని బడి వెనకాల ఉన్న మిరపతోటలోకి తీసుకుపోయారు. అచ్చు తోలి నాటిన తోట. నిలువు సాళ్లు, అడ్డ సాళ్లు, కలిసిన ప్రతి చోటా ఒక మొక్క. గట్టు మూల రాయిని చూపించి, "ఇదిరా మూలబిందువు. అడ్డంగా అయిదు, నిలువుగా మూడు. వెళ్లి ఆ మొక్క దగ్గర నిలబడు" అన్నారు. నేను నిలువుగా అయిదు, అడ్డంగా మూడు నడిచి వేరే మొక్క దగ్గర నిలబడ్డాను. తోట ఆసామి, "పిల్లలు పూత రాలగొడుతున్నారండీ" అని అరుస్తున్నాడు. (అయిదు, మూడు) వేరు, (మూడు, అయిదు) వేరు అన్నది నాకు ఆ రోజు కాళ్లతో తెలిసింది. డెకార్టు అనే ఫ్రెంచి ఆయన 1637లో అచ్చువేసిన పుస్తకంలో ఈ ఆలోచనకు బీజం ఉందని తర్వాత చదువుకున్నాను. మన రైతులు ఆయన పేరు వినకుండానే పొలమంతా గళ్ల కాగితం చేసి పెట్టుకున్నారు.

పదో తరగతి లెక్కల పేపరులో గ్రాఫు ప్రశ్న మనకు వరం. పారాబోలా గీస్తే మార్కులు గ్యారంటీ. మాష్టారు మాత్రం గీత ఎంత నున్నగా ఉన్నా, పక్కన స్కేలు రాయకపోతే మార్కు కోసేవారు. అక్షం సున్నా దగ్గర మొదలుకాకపోతే అక్కడ చిన్న మెలిక గీసి చూపించమనేవారు. "స్కేలు లేని గ్రాఫు, రాళ్లు లేని త్రాసు" అనేవారు. ఒక మార్కు కోసం ఇంత పట్టుదల ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైంది 1988 సంక్రాంతికి. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ మైకు ముందుకు వచ్చాను.

మాకు అయిదెకరాల సొంతం, ఎనిమిదెకరాల కౌలు. అంతా నల్లరేగడి, అంతా పత్తి. 1980ల మొదట్లో పైరిత్రాయిడ్ మందులు మన పత్తిలోకి వచ్చాయి. మొదటి ఏడాది వాటి పనితనం చూసి ఊరు ఊరంతా మురిసిపోయింది. 1985లో ఒక పురుగుమందుల దుకాణంలో గోడకు ఒక రంగుల కాగితం అంటించి ఉంది. దుకాణం పేరు, మందు పేరు ఇప్పుడు అనవసరం. దాని మీద రెండు కమ్మీలు. ఒకటి పొట్టిగా, బూడిదరంగులో, కింద 'మామూలు మందు' అని. రెండోది దానికి రెట్టింపు ఎత్తున, పచ్చగా, కింద 'కొత్త మందు' అని. మా నాన్న అయిదో తరగతి వరకు చదివాడు. నన్ను అడిగాడు: "ఏమంటాంది రా అది?"

నేను బీఎస్సీ పాసై ఉన్నాను. గణాంకశాస్త్రం నా సబ్జెక్టు. ఆ రెండు కమ్మీలను చూసి, "రెట్టింపు దిగుబడి వస్తుందంటోంది నాన్నా" అన్నాను.

ఆయన అరువు మీద తీసుకున్నాడు. బజారులో నలుగురికీ చెప్పాడు కూడా, మావాడు చదివి చెప్పాడని.

ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ యాభై దాటిన వాళ్లందరికీ తెలుసు. చిన్నవాళ్ల కోసం చెబుతాను. శనగపచ్చ పురుగు ఆ మందులకు అలవాటు పడింది. తెల్లదోమను తిని అదుపులో పెట్టే మిత్ర పురుగులు మాత్రం మందుకు చచ్చాయి. దోమ పెరిగింది. దోమ పెరిగితే మళ్లీ మందు, మందు పడితే మళ్లీ దోమ. రెండు మూడు మందులు కలిపి కొట్టడం మొదలైంది. 1987లో వానలు కూడా మోసం చేశాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొట్టగా డబ్బాలో మిగిలిన మందే తాగారు కొందరు. ఆ ఇళ్లలో కొన్ని మన ఊళ్లోవే. ఆ పిల్లల్లో ఒకరిద్దరు ఇవాళ ఈ సభలో ఉన్నారు. వాళ్ల ముందు ఇంతకంటే వివరంగా చెప్పలేను.

ఆ సంక్రాంతికి పిండివంటలు లేవు. నేను మా నాన్న ఖాతా పుస్తకం ముందేసుకున్నాను. ఆయన లెక్క రాయడంలో గట్టివాడు. ఏ తేదీన ఏ మందు కొట్టాడో, ఎన్ని డబ్బాలో, ఎన్ని క్వింటాళ్లు తీశాడో అన్నీ ఉన్నాయి. నా దగ్గర మిగిలిన ఒక గ్రాఫు కాగితం మీద అడ్డంగా 1981 నుంచి 1987 దాకా సంవత్సరాలు రాసి, మందు కొట్టిన సార్లు ఎర్రగీతతో, ఎకరానికి తీసిన క్వింటాళ్లు నల్లగీతతో గీశాను. ఎర్రగీత ఆరు సార్లతో మొదలై ఇరవై మూడుకు ఎక్కింది. నల్లగీత మొదటి మూడేళ్లు తొమ్మిది, పది మధ్య నిలకడగా ఉండి, ఆ తర్వాత జారుకుంటూ వచ్చి రెండున్నర దగ్గర ఆగింది. 1985 దాటిన తర్వాత రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకుని అటొకటి, ఇటొకటి వెళ్లిపోయాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రెండు గీతలకూ స్కేళ్లు వేరు కాబట్టి అవి కోసుకున్న చోటుకు ప్రత్యేకమైన అర్థం లేదు. స్కేలు మారిస్తే ఆ చోటు మారుతుంది. మందు ఎక్కువ కొట్టడం వల్లే దిగుబడి తగ్గిందని కూడా ఆ ఒక్క కాగితంతో రుజువు చేయలేం. పురుగు ఎక్కువైంది కాబట్టి మందు ఎక్కువ కొట్టాడని ఎవరైనా అనవచ్చు, అందులోనూ నిజం ఉంది. గీతలు దేనితోపాటు ఏది నడిచిందో చూపిస్తాయి. ఎవరు ఎవరిని నడిపారో చెప్పవు. కానీ మందు పెరిగేకొద్దీ పంట పెరుగుతుందన్న మాట మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా నిలబడలేదు.

నాన్న లాంతరు దగ్గరకు లాక్కుని ఆ కాగితం చాలాసేపు చూశాడు. ఎలా చదవాలో నేను చెప్పబోతే చేత్తో ఆపాడు. ఎర్రగీత మీద వేలు పెట్టి ఎడమ నుంచి జరుపుకుంటూ వచ్చి, 1983 దాటగానే ఆపి, "ఇక్కడ ఆగాల్సింది" అన్నాడు. ఏడేళ్ల ఖాతా పుస్తకం ఆయనే రాశాడు, ప్రతి పేజీ ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఆ మాట అంతకు ముందు ఎప్పుడూ అనలేదు.

ఆ తర్వాత నేను పేటకు పోయి దుకాణంలో ఆ రంగుల కాగితం మళ్లీ చూశాను. ఇంకా గోడకే ఉంది. ఈసారి పక్కన సన్న అక్షరాల్లో ఉన్న అంకెలు చదివాను. పొట్టి కమ్మీ తొమ్మిది క్వింటాళ్లు. పొడుగు కమ్మీ పది. అక్షం సున్నా దగ్గర కాదు, ఎనిమిది దగ్గర మొదలైంది. ఎనిమిది నుంచి తొమ్మిదికి ఒక గడి ఎత్తు, ఎనిమిది నుంచి పదికి రెండు గడుల ఎత్తు. అంతే, రెట్టింపు అయిపోయింది. మెలిక గీత ఎక్కడా లేదు. మాష్టారు మార్కు కోసేది సరిగ్గా దీనికే. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాకపోవచ్చు. ఆ అంకెలను నేను చదవలేదు, ఎత్తు మాత్రం చూశాను. చదువుకున్నవాణ్ణి నేను, చదివి చెప్పింది నేను. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మాం. నాన్న ఆ విషయం నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

సరే, ఆ కాగితాన్ని అక్కడ వదిలేద్దాం.

అసలు అంకెలను గీతలుగా, కమ్మీలుగా గీయడం ఎప్పటి నుంచో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, అది పెద్ద పాత అలవాటేమీ కాదు. విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ వాడు 1786లో ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను గీతలుగా గీసి పుస్తకం వేశాడు. కమ్మీ చిత్రం కూడా అందులోనే ఉంది. 1801లో ఇంకో పుస్తకంలో వృత్త రేఖాచిత్రం గీశాడు. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న పెంచాడు. ఆ అన్న గణితం మాష్టారు. తమ్ముడి చేత రోజూ థర్మామీటరు చూపించి, గుర్తు పెట్టించి, గీయించేవాడట. చూశారా, అక్కడా ఒక లెక్కల మాష్టారే.

నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన పని వాన కొలవడం. ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసు ఆవరణలోని వానమాపకం దగ్గరకు వెళ్లి, సీసాలో నీళ్లు కొలపాత్రలో పోసి మిల్లీమీటర్లలో రాయడం. ఒక ఆగస్టు నెల గుర్తుంది. నెల మొత్తం మీద మామూలు వర్షమే పడింది. పై ఆఫీసుకు వెళ్లిన పట్టికలో ఆ మండలం పక్కన 'సాధారణం' అని పడింది. రైతులు నా దగ్గరకొచ్చి, "మెట్టచేలు ఎండిపోతుంటే సాధారణం ఏమిటి సార్?" అన్నారు. నేను రోజువారీ కమ్మీలు గీశాను. నెల మొదట్లో నాలుగు చిన్న కమ్మీలు, తర్వాత మూడు వారాలు ఖాళీ, చివర్లో ఒకే ఒక్క తాడిచెట్టంత కమ్మీ. ఆ ఒక్క రాత్రి వాన వాగులో పడి పోయింది. మొత్తం ఒకటే, సగటు ఒకటే. పత్తి మొక్క సగటు నీళ్లు తాగదు. ఆ బొమ్మ గీసి ఫైలుకు జత చేశాను. ఆ ఏడు మా మండలానికి దాని వల్ల ఏదో ఒరిగిందని చెప్పలేను గానీ, ఆ రైతులు మళ్లీ నన్ను తిట్టలేదు.

ఇలాంటిదే సాగర్ నీటిమట్టం. మన కుడికాలువ కింద వాళ్లు రోజూ పేపర్లో చూసేది అడుగులు. పూర్తి మట్టం 590 అడుగులు. "ఎన్నడుగులుంది?" అనే అడుగుతాం గానీ "ఎన్ని టీఎంసీలుంది?" అని అడిగేవాళ్లు తక్కువ. 590 దగ్గర 312 టీఎంసీలు ఉంటాయి. 510 అడుగుల దగ్గర సుమారు 131. జలాశయం పైకి వెళ్లేకొద్దీ విప్పారుతుంది కాబట్టి, పైన ఒక అడుగు తగ్గడమూ కింద ఒక అడుగు తగ్గడమూ ఒకటి కాదు. పై అడుగులో నీళ్లు చాలా ఎక్కువ. అడుగులు ఒక అక్షం మీద, టీఎంసీలు ఇంకో అక్షం మీద పెట్టి గీస్తే వచ్చేది సరళరేఖ కాదు, వంపు. ఆ వంపు ఒకసారి మనసులో పడితే, జనవరిలో కాలువకు నీళ్లు ఎన్నాళ్లొస్తాయో గట్టు మీద కూర్చుని వాదించుకోవడం కొంచెం తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు, మనం పల్నాడు పక్కవాళ్లం.

ఇక మిరప. గుంటూరు యార్డుకు టిక్కీలు వేసుకుపోయిన వాళ్లు ఇక్కడ సగం మంది ఉన్నారు. పొద్దున పేపర్లో తేజ ఫలానా ధర అని చూసి లారీ ఎక్కిస్తాం. అక్కడికి పోతే మనకు పలికేది వేరు. మోసం అనుకుంటాం. కొన్నిసార్లు మోసమే కావచ్చు. కానీ పేపరువాడు పెద్దక్షరాల్లో వేసేది గరిష్ఠ ధర. ఆ ధర ఆ రోజు మొత్తం యార్డులో ఏ కొద్ది లాట్లకో వచ్చి ఉంటుంది. మార్కెటింగ్ శాఖ వాళ్ల పట్టికలో మూడు అంకెలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. ఈ మోడల్ అన్నది మనం పదో తరగతిలో చదువుకున్న బాహుళకమే. ఎక్కువ సరుకు ఏ ధర చుట్టూ అమ్ముడుపోయిందో అది. ఒక రోజు ధరలన్నీ తీసుకుని సోపాన చిత్రం గీస్తే మధ్యలో పెద్ద గుట్ట ఉంటుంది, కుడివైపు చివర ఒకటి రెండు సన్న మెట్లుంటాయి, ఎడమవైపు తాలు కాయల తోక ఉంటుంది. మనం ఇంటి దగ్గర ఆ చివరి మెట్టు చూసి బయల్దేరి, యార్డులో గుట్ట మీద దిగుతాం. పరీక్షలో బాహుళకం సూత్రం కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్న మనవాళ్లు, యార్డులో మోడల్ ధర ఎంత అని అడగగా నేనెప్పుడూ వినలేదు.

2023లో ధర క్వింటాలు ఇరవై వేలు దాటింది. దానికి ముందు 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు పోయాయి, సరుకు తగ్గింది, ధర లేచింది. మా బావమరిది అప్పుడు నాకు తన సెల్‌ఫోన్‌లో గీత చూపించి, "చూడు బావా, ఎక్కుతానే ఉంది" అని, ఆ గీత చివర నుంచి గాలిలో వేలితో ఇంకా పైకి గీశాడు. ఆ గాలిలో గీసిన గీతను నమ్మి సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు, ఇంకో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని నాటాడు. ఆయన ఒక్కడే కాదు, అందరూ అదే గీత చూశారు, అందరూ నాటారు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. పోయినేటి ధర చూసి ఈ ఏడు నాటితే, అందరి పంటా ఒక్కసారే వచ్చి ధర పడుతుంది. పడిన ధర చూసి మరుసటేడు మానేస్తే మళ్లీ లేస్తుంది. ధర ఒక అక్షం, సరుకు ఒక అక్షం పెట్టి ఏటేటా కలుపుకుంటూ పోతే గీత చుట్టూ చుట్టూ తిరిగి సాలెగూడులా వస్తుంది. 1934లో కాల్డార్ అనే ఆర్థికవేత్త ఆ బొమ్మను చూసి దానికి సాలెగూడు సిద్ధాంతం అనే పేరు పెట్టాడు. ఈ గూటిలో పడేది ఎవరో నేను చెప్పనక్కర్లేదు.

మన కుర్రవాళ్లు హైదరాబాదు, బెంగుళూరుల్లో కూర్చుని ఫోన్లో ఆకుపచ్చ, ఎరుపు కొవ్వొత్తుల గ్రాఫులు చూసి ఆప్షన్లు కొంటున్నారు. వాళ్లకు ఒక్క అంకె చెబుతాను. 2024లో సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, మూడేళ్లలో ఆ వ్యాపారం చేసిన విడి మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మా బావమరిది వేలికీ, మీ వేలికీ నాకు పెద్ద తేడా కనపడటం లేదు.

గ్రాఫంటే అన్నీ నష్టాల కథలే అనుకోవద్దు. మన బ్యాచ్‌లో ఒకడు గుంటూరు డివిజన్లో రైళ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసులో పనిచేశాడు. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు, ఇలా స్టేషన్ల పేర్లన్నీ ఒక అక్షం మీద, గంటలు నిమిషాలు ఇంకో అక్షం మీద ఉన్న పెద్ద కాగితం అతని బల్ల మీద పరిచి ఉండేది. ఒక్కో రైలు ఒక్కో ఏటవాలు గీత. నిటారుగా ఉంటే వేగంగా పోతున్నట్టు. గీత పడుకుని ఉంటే రైలు స్టేషన్లో ఆగి ఉన్నట్టు. అప్పుడు సింగిల్ లైను కాబట్టి ఎదురెదురు రైళ్ల గీతలు స్టేషన్ ఉన్న గీత మీదే కలవాలి. రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో కలవకూడదు. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. "నువ్వు బడిలో గ్రాఫుకు ఎగ్గొట్టేవాడివి గదరా" అంటే, "ఇక్కడ తప్పయితే పోయేది మార్కు కాదుగా" అన్నాడు.

గుండెనొప్పని పోతే ఈసీజీ తీస్తారు. ఆ గులాబీ గళ్ల కాగితం కూడా మన గ్రాఫు కాగితమే. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది, అయిదు పెద్ద గళ్లకు ఒక సెకను. నాకు తీసినప్పుడు పడుకునే గళ్లు లెక్కపెట్టుకున్నాను. నర్సమ్మ కదలొద్దని కసిరింది.

అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది అంగన్‌వాడీలో ఉండే ఎదుగుదల చార్టు. మన బడి పుట్టిన 1975లోనే, అక్టోబరు 2న ఆ పథకమూ మొదలైంది. బిడ్డ వయసు నెలల్లో అడ్డంగా, బరువు కిలోల్లో నిలువుగా. ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. నెలకొక చుక్క. మా మనవరాలి చుక్కలు ఆకుపచ్చలోనే ఉన్నాయని మా కోడలు నిశ్చింతగా ఉంది. అంగన్‌వాడీ టీచరమ్మ మాత్రం కార్డు తిప్పి, "పచ్చలో ఉండటం కాదండీ, మూడు నెలల నుంచి గీత లేవలేదు, పక్కకు పోతోంది" అంది. పక్కింటి బిడ్డ పసుపులో ఉన్నా గీత పైకి పోతోంది, ఆ బిడ్డకు ఫర్వాలేదంది. చుక్క ఎక్కడుందన్నది కాదు, ఎటు పోతోందన్నది ముఖ్యం. డిగ్రీలో మాకు అవకలనం పేరుతో ఒక సంవత్సరం పాటు చెప్పింది ఇదే. ఆవిడ అరనిమిషంలో చెప్పేసింది. పాపకు చెవిలో చీము ఉందని తర్వాత తేలింది. మందు వేశాక గీత లేచింది.

మన తెలుగువాడు సి.ఆర్. రావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో కలకత్తా గణాంక సంస్థలో చేరి, ప్రపంచమంతా వాడే సిద్ధాంతాలు ఇచ్చారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పేరు మన బడి పిల్లల్లో ఎంతమందికి తెలుసో నిన్న అడిగి చూశాను. ఇద్దరు చేతులెత్తారు. ఇద్దరంటే నాకు సంతోషమే, నేను ఒక్కరనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సంఘం వాళ్లు ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏం కట్టిద్దామని అడుగుతున్నారు. స్వాగత ద్వారం అని కొందరు, సరస్వతీదేవి విగ్రహం అని కొందరు అన్నారు. కట్టండి, నేను కాదనను, నా వంతు చందా ఇస్తాను. దానితోపాటు నాదొక చిన్న కోరిక. ఎనిమిదో తరగతి గది బయట, వరండా గోడ ఇరవై అడుగుల పొడవుంది. దాని మీద పెయింటరు చేత గళ్లు గీయించి నల్లబోర్డు రంగు వేయిద్దాం. జెండా దిమ్మ పక్కన వానమాపకం పెడదాం. అది నేను కొని తెచ్చాను, ఆఫీసు గదిలో బల్ల కింద ఉంది. రోజూ ఎనిమిదిన్నరకు ఇద్దరు పిల్లలు వాన కొలిచి కమ్మీ గీస్తారు. రెండో వరసలో గుంటూరు యార్డు తేజ ధర, మూడు చుక్కలు: కనిష్ఠం, మోడల్, గరిష్ఠం. మోడల్ చుక్కలను మాత్రమే గీతతో కలపాలి. స్కేలు పెద్దక్షరాల్లో రాయాలి. ధర అక్షం సున్నా దగ్గర మొదలుకాకపోతే మెలిక గీత పెట్టాలి. అది రాయని రోజు గ్రాఫు చెరిపేసి మళ్లీ గీయించమని హెడ్‌మాస్టరుగారికి ముందే మనవి చేశాను. ఆయన నవ్వి సరేనన్నారు.

సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చే తల్లిదండ్రులు ఆ గోడ ముందు నిలబడతారు. ఏమంటాంది రా అది, అని వాళ్ల పిల్లల్ని అడుగుతారు. ఆ పిల్ల అంకెలు చదివి చెప్పాలి, ఎత్తు చూసి కాదు.

ఒక టీచరుగారు నన్ను ఒక ప్రశ్న వేశారు. ఆదివారాలు, పండగలు యార్డు ఉండదు, మేలో వేసవి సెలవులంటూ నెలపాటు మూసేస్తారు, ఆ రోజుల్లో గీత ఎలా కలపాలి అని. కలపవద్దు. ఖాళీ ఉంచండి. మనకు తెలియని చోట గీత గీయకూడదు. వాన మాత్రం సెలవుల్లోనూ పడుతుంది. దానికి బడి పక్క ఇంట్లో ఉండే మన పూర్వ విద్యార్థిని ఒకామె ఒప్పుకున్నారు, రోజూ సీసా చూసి కాగితం మీద రాసిపెడతానని.

పెయింటరుతో మాట్లాడాను. రంగుకు, కూలికి ఎంతవుతుందో కాగితం మీద రాసి కార్యదర్శికి ఇచ్చాను. మా బ్యాచ్ సగం వేసుకుంటుంది. మిగతా సగం ఏ బ్యాచ్ వేసుకుంటుందో భోజనాల దగ్గర చెప్పండి. జూన్ 12న బడి తెరిచేలోగా గోడ ఆరాలి.

మాష్టారూ, మొదటి రోజు అక్షాలు మీరే గీయాలి. మీ చెయ్యి వణుకుతుందని మీ అబ్బాయి అన్నాడు. స్కేలు నేను పట్టుకుంటాను.